మావాడి చలికాలం టైర్లు

అక్టోబర్ మొదటి ఆదివారం పొద్దున. ఉగ్గానికి బొరుగులు నానబెట్టి పిండుతా ఉన్నాను. మాంట్రియల్ నుంచి మావాడి ఫోను. వాళ్ళకు అప్పుడు శనివారం రాత్రి.

"అమ్మా, కారుకు టైర్లు కొనాల."

"అదేందిరా, కారు కొని ఆర్నెల్లే కదా. అప్పుడే అరిగిపోయినాయా?"

"అరగలేదుమా. చలికాలానికి వేరే టైర్లు."

చలికాలానికి వేరే దుప్పట్లుంటాయి, స్వెట్టర్లుంటాయి. టైర్లు కూడా వేరే ఉంటాయని ప్రొద్దుటూరులో కూర్చున్న నాకేం తెలుసు? మాకు చలికాలమంటే సంక్రాంతికి ముందు ఓ పదిహేను రోజులు ఫ్యాను రెండో నంబరులో పెట్టుకోవడం. అంతే.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. ఏప్రిల్‌లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. చూడడానికి మన ఊళ్ళో తిరిగే చిన్న కారు మాదిరే ఉంటుంది గానీ, ముందు జాలీకి అడ్డంగా ఒక ఎర్ర గీత, లోపల సీట్లకు గళ్ళ గుడ్డ. వీడియోలో చూపిస్తే "లుంగీ గుడ్డతో కుట్టించినారేందిరా" అన్నాను. వాడికి కోపం వచ్చింది. అది ఆ కారుకు పేరు తెచ్చిన గుడ్డంట. కారు లోపల సంగతి మాత్రం వేరే, కాలు పెడితే దూకుతుందట. కొన్నాక గానీ వాళ్ళ నాయనకు చెప్పలేదు. చెప్పిన నెలన్నరకు కోడలు నీళ్ళోసుకున్న కబురు వచ్చింది. ఇంక మా ఆయన మొదలుపెట్టారు. "బిడ్డ పుట్టబోతాంటే పందేల కారు కావాల్సొచ్చిందా వీనికి" అని. అప్పటి నుంచి తండ్రీకొడుకులు ఫోన్లో "బాగుండావా, బాగుండా" తప్ప ఇంకో మాట లేదు. మధ్యలో నేను పోస్టుమ్యాన్‌ని.

కాన్పు జనవరిలో. నేను డిసెంబర్‌లో పోవాలి. నొప్పులు ఏ అర్ధరాత్రి వస్తాయో, ఆ రోజు మంచు ఎంత పడుంటుందో. కాబట్టి ఈ టైర్ల యవ్వారం నాకు వాడి ముచ్చటగా అనిపించలేదు. ఏ కారులో మా కోడల్ని ఆసుపత్రికి తీసుకుపోతామో ఆ కారు కాళ్ళకు వేసే చెప్పులు అవి.

మాంట్రియల్ ఉండే క్యూబెక్ రాష్ట్రంలో చలికాలం టైర్లు వేసుకోవడం ఎవరిష్టం వాళ్ళది కాదంట. 2008 నుంచి చట్టం ఉంది. మొదట్లో డిసెంబర్ 15 నుంచి అనేవాళ్ళు, 2019 నుంచి డిసెంబర్ 1 చేశారు. మార్చి 15 దాకా నాలుగు చక్రాలకూ అవే ఉండాలి. లేకుంటే 200 నుంచి 300 డాలర్ల దాకా జరిమానా. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉండాలి. ఆ బొమ్మ ఉంటేనే లెక్క. పక్కనే టొరంటో ఉండే ఆంటారియోలో ఈ చట్టం లేదు, అయినా అక్కడి వాడి స్నేహితులు కూడా చాలామంది మార్చుకుంటారట.

"మంచులో జారకుండా మేకులుంటాయా వాటికి?" అని అడిగాను. మేకుల టైర్లు కూడా ఉంటాయట, కానీ మామూలువాటిలో అసలు కిటుకు రబ్బరులోనే ఉందన్నాడు. వేసవి టైరు రబ్బరు ఏడు డిగ్రీల కంటే చలి పెరిగేకొద్దీ బిగుసుకుపోతుంది. మంచు లేకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా, పట్టు తగ్గుతుంది. బ్రేకు వేస్తే ఆగదు. నాకు వెంటనే సంగటి గుర్తొచ్చింది. పొయ్యి మీంచి దించినప్పుడు ముద్ద చేతికి ఎట్లా అంటుకుంటుందో, పొద్దునకు అదే ముద్ద గోడకు కొట్టినా అంటుకోదు. చలికాలం టైరు రబ్బరు మాత్రం మైనస్ ఇరవైలో కూడా మెత్తగా ఉండేట్టు కలుపుతారు. దాని మీద కత్తితో కోసినట్టు సన్నసన్న గీతలుంటాయి, అవి మంచును పట్టుకుంటాయి. మరి ఏడాదంతా అవే వేసుకోవచ్చు కదా అంటే, ఎండాకాలం రోడ్డు వేడికి ఆ మెత్తని రబ్బరు తొందరగా అరిగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు వంగుతుంది. మన పులివెందుల రోడ్డు మీద మే నెలలో ఆ టైర్లు వేస్తే బడిపిల్లల లబ్బరు ముక్క మాదిరి అరిగి రాలిపోతాయని నవ్వాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ సాయంత్రం కోడలు విడిగా ఫోన్ చేసింది. "అత్తా, మీరన్నా చెప్పండి. టైర్లు కొంటే సరిపోయె, రిమ్ములు కూడా కొంటాడంట. నల్ల రంగువి, పద్దెనిమిది ఇంచులవి. అన్నీ కలిపి మూడువేల డాలర్లు చెప్తాండారు. ఉయ్యాల, కారులో పెట్టే బిడ్డ సీటు ఇంకా కొనలే."

మా కోడలిది జమ్మలమడుగు. నోరు విప్పి భర్త మీద ఒక మాట చెప్పే పిల్ల కాదు. చెప్పిందంటే రెండు వారాలుగా లోపల నలిగిందని అర్థం.

నేను వాడికి ఫోన్ చేసి మెల్లగా మొదలుపెట్టాను. రిమ్ములెందుకురా, ఉన్నవాటికే మార్చుకో అని. అక్కడ వాడిదే న్యాయం. ప్రతి ఏడూ రెండుసార్లు రిమ్ము మీంచి టైరు ఊడదీసి ఎక్కిస్తే కూలి ఖర్చు, టైరు అంచులు దెబ్బ తింటాయి. పైగా అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకు మంచి అల్లాయ్ రిమ్ముల మెరుగు తినేస్తుంది. చలికాలానికి వేరే రిమ్ములకు టైర్లెక్కించి పెట్టుకుంటే నట్లు విప్పి చక్రాలు మార్చుకోవడమే. సరే, రిమ్ములు ఉండనీ. కానీ నల్లవి, పద్దెనిమిదివి ఎందుకు?

"కారుకు బాగుంటాయిమా."

ఆ మాట దగ్గర నేను ఆగాను. ఎందుకంటే బాగుండడం నాకూ తెలుసు. మా ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళలో నేను ఎన్నిసార్లు అవసరం లేనిది చేతికి పెట్టి చూసుకోలేదు. వాణ్ణి మాత్రం తిట్టే మొహం నాకు లేదు.

తర్వాత వాడే ఏదో చెప్తూ అన్నాడు. "కొనేటప్పుడు పాత స్టాకు అంటగట్టకుండా చూసుకోవాలమా. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, అవి..."

"ముందు రెండు వారం, వెనక రెండు సంవత్సరం" అన్నాను.

అటు పక్క నిశ్శబ్దం. "నీకెట్ల తెలుసు?"

నోరు జారాను. మే నెల నుంచి దాచింది బయట పడింది.

మేలో పులివెందులలో పెళ్ళి. వియ్యపురాల్ని కూడా ఎక్కించుకుందామని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయి, అక్కణ్ణుంచి ముద్దనూరు మీదుగా బయల్దేరాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆ ఎండ మీకు చెప్పక్కర్లేదు, కడప జిల్లా ఆడవాళ్ళు చదివితే వాళ్ళకే తెలుసు. రోడ్డు నీళ్ళు పారినట్టు మెరుస్తా ఉంది. ముద్దనూరు దాటి తొండూరు చేరకముందే వెనక ఎడమ పక్క ఢామ్మని పేలింది. కారు తోక ఊపుకుంటూ పక్కకు పోయింది. మా ఆయన బ్రేకు తొక్కలేదు, స్టీరింగు గట్టిగా పట్టుకుని యాక్సిలేటర్ వదిలేశారు. అది మాత్రం మెచ్చుకోవాలి. ఎదురుగా బస్సు వస్తూ ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ రాత్రిళ్ళు అనుకుంటాను. వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుంది, పులివెందుల చేరేదాకా వదల్లేదు.

చెట్టు నీడ లేదు. డిక్కీ తెరిచి స్టెప్నీ తీస్తే దాంట్లో గాలి లేదు. ఎన్నేళ్ళయిందో చూసి. చివరికి అరటిగెలల లారీ ఒకటి ఆగింది. ఆ డ్రైవరు పిల్లోడు లారీ గాలి ట్యాంకు నుంచి ట్యూబు లాగి మా స్టెప్నీకి గాలి పట్టించాడు, జాకీ పెట్టి మార్చాడు. డబ్బులు తీసుకోలేదు. పెళ్ళికి తీసుకుపోతున్న ఓళిగల డబ్బా వాడికే ఇచ్చేశాను.

పులివెందులలో టైర్ల అంగడి ఆయన పేలిన టైరు చూసి మా ఆయన్ను అడిగాడు, "సార్, ఇది ఎప్పటిదో తెలుసా?" అని. "బటన్లు చూడు, ఇంకా కొత్తగా ఉన్నాయి" అన్నారు మా ఆయన. నిజమే, గీతలు లోతుగానే ఉన్నాయి. మన దగ్గర కారు టైరుకు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని రూలు, మాది దానికి రెట్టింపు పైనే ఉంది. ఆయన టైరు పక్కన వేలు పెట్టి చూపించాడు. 1716. అంటే 2016లో పదిహేడో వారం చేసింది. ఏడేళ్ళు. మేము కారు తిప్పేదే తక్కువ, ఎండలో వాకిట్లో నిలబెట్టేదే ఎక్కువ. అరగకపోయినా రబ్బరు ఎండిపోతుంది. పక్క గోడల మీద సన్నని పగుళ్ళు, వానలు లేని చేను మాదిరి. పైగా గాలి తక్కువుంది. గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టుకూ పక్కలు ఎక్కువ వంగుతాయి, వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. పైన ఎండ, కింద తారు, లోపల ఆ వేడి. మరి మూడు వైపుల నుంచి పొయ్యి పెడితే ఏ కుండయినా పగలదా?

"నాలుగూ మార్చండి సార్, కనీసం వెనక రెండన్నా" అన్నాడాయన. మా ఆయన ఒకటి మార్చారు. "మిగతావి దసరాకు చూద్దాం" అన్నారు. కొడుక్కు చెప్పొద్దన్నారు. నేనూ చెప్పలేదు. వాడు అంత దూరంలో ఉండి ఏం చేస్తాడు, నిద్ర పాడు చేసుకోవడం తప్ప అని.

ఇప్పుడు వాడు ఫోన్లో అరుస్తున్నాడు. "అత్త కూడా ఉందా కార్లో? ఆమెకు కూడా చెప్పొద్దన్నావా? ఐదు నెలల్నుంచి పాత టైర్లతో తిరుగుతాండారా?" ఆ గొంతు లౌడ్ స్పీకరు అవసరం లేకుండానే వరండాలో పేపరు చదివే మా ఆయనకు వినపడింది. వచ్చి ఫోను తీసుకున్నారు.

"రేయ్, నువ్వు రిమ్ములకు మూడువేల డాలర్లు తగలెయ్యి, నాకు టైర్ల పాఠం చెప్పు."

నాలుగైదు నెలల తర్వాత ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. పోట్లాటే అనుకోండి. కానీ మాట్లాడుకున్నారు. నేను ఉగ్గానికి పోపు పెట్టుకుంటూ వింటూ ఉన్నాను. చివర ఫోను నా చేతికి వచ్చినప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. "నువ్వు ఆ నల్ల పద్దెనిమిదివి మానుకో, మీ నాయన చేత మిగతావి నేను మార్పిస్తా. ఆయన మార్చకుంటే నువ్వు నీ ఇష్టమొచ్చింది కొనుక్కో" అన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు, ఇద్దరూ కాదనలేదు.

ఆ వారమంతా నాకు టైర్ల సైజులే. వాడి కారుకు ఉన్నవి 225/40 ఆర్ 18. ఈ అంకెలు చూస్తే భయం వేస్తుంది గానీ, కందిపప్పు లెక్క కన్నా కష్టమేం కాదు. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంత అని. అంటే 225లో 40 వంతులు, 90 మిల్లీమీటర్లు. చివరిది రిమ్ము ఇంచులు. అంగడి వాళ్ళు ఇంకో దారి చెప్పారట. రిమ్ము పదిహేడుకు దించి 205/50 వేసుకోమని. పక్క గోడ 102.5 అవుతుంది. క్యాలెండరు వెనక నేనే కూడి చూశాను. మొత్తం చక్రం ఎత్తు మొదటిది 637, రెండోది 637కు ఇంచుమించు. కాబట్టి స్పీడు ముల్లు అబద్ధం చెప్పదు. గోడ ఎత్తు పెరిగితే మంచు కరిగి గడ్డకట్టి రోడ్డుకు పడే గుంటల్లో రిమ్ము దెబ్బ తినదు. మాంట్రియల్ గుంటలకు పెద్ద పేరంట, మన దగ్గరే కాదు. ధర కూడా తక్కువ.

ఇంకా దించి పదహారు వేసుకుంటే మరీ చవక కదా అన్నాను. వాడి కారుకు ముందు బ్రేకు పళ్ళేలు పెద్దవి, పదహారు రిమ్ము వాటి మీద కూర్చోదంట. రిమ్ము కొనేటప్పుడు ఇంచులే కాదు, నట్ల బెజ్జాలు ఐదు, అవి ఉన్న వలయం అడ్డుకొలత 112, నడుమ రంధ్రం 57.1 అన్నీ కలవాలి. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని చూడలేదు మేము.

ఒక్క దగ్గర మాత్రం నాకు నమ్మకం కుదర్లేదు. మంచుకు సన్న టైరు మంచిదంటాడు వాడు. నేను పల్లెలో పుట్టినదాన్ని. మా జేజినాయన బండికి కట్టె గాన్లుండేవి. వాటికి ఇనుప పట్టా వేసే రోజు మాకు పండగ. కమ్మరి పట్టాను నేల మీద పెట్టి చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తాడు. కాలితే అది సాగుతుంది. అట్లాగే పటకార్లతో ఎత్తి గాను మీద దించి, సుత్తులతో కొట్టి, బిందెలతో నీళ్ళు పోస్తారు. బుస్సుమని పొగ. చల్లారి బిగుసుకుంటుంటే గాను ఆకులన్నీ కిర్రుమని లోపలికి కూరుకుంటాయి. ఆ సన్న ఇనుప గాను వాన పడ్డ నల్లరేగడిలో దిగిందంటే ఇరుసు దాకా పోయేది, ఎద్దులు మోకాళ్ళ మీద పడేవి. తర్వాత టైరు బండి వచ్చింది. వెడల్పు టైరు బురద పైనే పోయేది. మరి సన్నది ఎట్లా మంచిదిరా?

వాడు ఆలోచించి చెప్పాడు. "రేగడికి అడుగు లేదుమా, దిగేకొద్దీ దిగుతుంది. ఇక్కడ మంచు నాలుగించులే, కింద గట్టి రోడ్డుంది. సన్న టైరు మంచును కోసుకుని ఆ రోడ్డును పట్టుకుంటుంది. వెడల్పుది మంచు మీద పడవ మాదిరి తేలుతుంది." పొడి రోడ్డు మీద వెడల్పు టైరుకే పట్టెక్కువ, మలుపుల్లో కారు కొంచెం బద్ధకంగా అనిపిస్తుందని కూడా వాడే ఒప్పుకున్నాడు. నిండు చూలాలిని ఎక్కించుకుని మలుపుల్లో తొందరేమీ లేదు కదా అన్నాను. నవ్వాడు.

ఇక్కడ మా ఇంట్లో దసరా వచ్చింది. ప్రొద్దుటూరు దసరా అంటే ఊరు ఊరంతా వీధుల్లోనే. ఆయుధ పూజకు రెండు రోజుల ముందు నేను నిమ్మకాయలు తెచ్చి గట్టు మీద పెట్టాను. మూడే పెట్టాను.

"నాలుగు కదా?" అన్నారు మా ఆయన.

"ఒకటి కొత్త టైరే కదా, దానికి దిష్టి లేదు. మిగతా మూడింటికీ నిమ్మకాయ చాలదు."

ఏం మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం తిని కారు తీసుకుని ఎక్కడికో పోయారు. సాయంత్రం వచ్చి "నీ కొడుక్కు చూపించు" అని పక్కకు తిరిగారు. మూడు కొత్తవి. డిక్కీ తెరిస్తే నాలుగోది, స్టెప్నీ కూడా. నేల మీద దాదాపు తిరగని టైరయినా దాని వయసు దానికి పెరుగుతూనే ఉంటుందని అంగడి వాళ్ళు చెప్పారట. ఆ మాట నేను జూన్ నుంచి చెప్తున్నా. పోనీలెండి. అంకెలు నేనే వంగి వంగి ఫోటోలు తీశాను. అన్నీ ఈ ఏడాదివే.

నవంబర్ మొదటి వారంలో మావాడి ఫోటో వచ్చింది. పదిహేడు ఇంచుల రిమ్ములు, బూడిద రంగు. అల్లాయ్‌వే, కానీ సాదావి. కొండ, మంచు పువ్వు బొమ్మ దగ్గర నుంచి తీసి పంపాడు. మిగిలిన డబ్బుల్లో బిడ్డ సీటు వచ్చిందని కోడలు ఇంకో ఫోటో పెట్టింది. వేసవి చక్రాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి బాల్కనీలో మూలకు పెట్టి, పైన సంచి కప్పింది. దాని మీదే తులసి కుండీ పెట్టబోతుంటే వాడు వద్దన్నాడట.

మా ఆయన ఆ రాత్రి ఫోను అడిగి తీసుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని ఏదో చీటీ చూసుకుంటూ మాట్లాడుతున్నారు.

"రేయ్, చక్రాలు మార్చినాక వంద కిలోమీటర్లకు నట్లు మళ్ళీ బిగించాలంట, బిగించినావా? గాలి చూసినావా? ఐదారు డిగ్రీలు చలి పెరిగితే ఒక పాయింటు తగ్గుతుందంట. నెలకోసారి కాదు, వారానికోసారి చూడు. ఏం, చల్లగా ఉందని బద్ధకమా? మీ అమ్మ వచ్చేలోపల ఒకసారి చూడు."

అటు నుంచి వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. "స్టెప్నీలో ఉందిలేరా" అన్నారు మా ఆయన.